సమస్య: చచ్చినట్టివాఁడు వచ్చి కొట్టె

రాజోలు (నిర్వాహకుడు):
ఈ వారం పాదం ఇదీ. ఇది చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి:

చచ్చినట్టివాఁడు వచ్చి కొట్టె

ఇంగ్లండు రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్ ‘హ్యాక్నీ డైమండ్స్’ 2023 అక్టోబరు 20, శుక్రవారం వచ్చింది. సొంత పాటలతో వాళ్ళు ఆల్బమ్ వేసి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. 2005 తర్వాత మళ్ళీ ఇదే. 2016లో వచ్చింది పాత బ్లూస్ పాటలు కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఏడో పాట మొదలవగానే ఈ పాదం దానంతటదే వచ్చేసింది. ఏడు, ఎనిమిది పాటల్లో డ్రమ్స్ ఆ బ్యాండు పాత డ్రమ్మర్ చార్లీ వాట్స్‌వి. ఆయన 2021 ఆగస్టు 24న పోయాడు. అవి 2019లో రికార్డు చేసి పెట్టినవి.

‘చచ్చినట్టివాఁడు’ అన్నందుకు ఎవరూ నొచ్చుకోకండి. ఆ కబురు విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు. పూరణ మాత్రం ఆల్బమ్ చుట్టూనే తిరగాలి.

అంబాజీపేట:
ముందు నాది.

ఏండ్లు పదునెనిమిది యెదురు చూడఁగ వచ్చెఁ
గొత్త పాట మాదు కోనసీమ
దాఁక, రెంటఁ జార్లి దరువులే మ్రోగెను
చచ్చినట్టివాఁడు వచ్చి కొట్టె

ముమ్మిడివరం మాస్టారు:
ధార బాగుంది. కానీ చార్లీ వాట్స్‌ని పట్టుకుని ‘జార్లి’ చేశారేమిటండీ? యాభై ఎనిమిదేళ్ళు ఒకే బ్యాండులో వాయించిన మనిషి. పేరులో మొదటి అక్షరమైనా మిగల్చాల్సింది.

అంబాజీపేట:
‘రెంటను’ చివరి ‘ను’ ద్రుతం. దాని మీద ‘చ’ లాంటి పరుషం వస్తే ‘జ’ లాంటి సరళమే మాస్టారూ. మీరే చెప్పారు కదా చాలాసార్లు. ఇంగ్లీషాయనైనా మన పద్యంలోకి వచ్చాక మన సంధికి లొంగాలి.

ముమ్మిడివరం మాస్టారు:
‘రెంటను చార్లి’ అని చదువుకోమంటే చదువుకుంటాను గానీ జార్లి నా నోట పలకదు. సరే, నాది చూడండి.

కచునిఁ జంపి కలిపి కల్లులోఁ బోసిరి
కడుపులోని శిష్యుఁ గాచె గురుఁడు
చిక్కినట్టి యల్ల రక్కసులనుఁ బట్టి
చచ్చినట్టివాఁడు వచ్చి కొట్టె

చచ్చిన శిష్యుడు కచుణ్ణి శుక్రుడు బతికించిన మృతసంజీవనిని మించిన రికార్డింగ్ ఏముంది? అదీ ఆల్బమ్‌తో సంబంధం.

అంబాజీపేట:
మాస్టారికి ఏ పాదం ఇచ్చినా భారతంలోకి వెళ్ళిపోతారు. సంబంధం పద్యంలో లేదు, కింద రాసిన వాక్యంలో ఉంది. పైగా కచుడు ఎవరినీ కొట్టలేదు. శుక్రుడి పొట్ట చీల్చుకుని బయటికొచ్చి, అదే విద్యతో గురువును బతికించాడు. ఆదిపర్వం మరోసారి చూడండి. పోయిన శ్రావణంలో ‘ఏటిగట్టు మీఁద నేనుఁగీఁదె’ అన్న పాదానికి మీరు చేసింది కూడా ఇంతే. కోనసీమలో ఏనుగు ఎక్కడిదండీ?

ముమ్మిడివరం మాస్టారు:
ఆ పూరణ జోలికి రావద్దు. 1986 ఆగస్టు గోదావరి వరదలో నేను గట్టు మీదే ఉన్నాను. ఇసక బస్తాలు మోశాను. గట్టు మీదుగా నీళ్ళు పొర్లి వస్తుంటే అందులో ఏం కొట్టుకొస్తోందో చూసినవాడికి ఏనుగు ఈదిందన్నా ఆశ్చర్యం ఉండదు. అప్పటికి మీరు పలక పట్టి ఉండరు.

పాలకొల్లు అక్కయ్య:
మాస్టారి ఏనుగు పద్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. గట్టు తెగుతుందేమోనని రాత్రంతా మేలుకున్న ఇంట్లో పుట్టినదాన్ని. దాన్ని ఇక్కడ తవ్వకండి. కచుడి విషయంలో మాత్రం అంబాజీపేట తమ్ముడు చెప్పిందే నిజం.

రావులపాలెం:
అరటి లోడుతో పోతూ రాత్రి విన్నాను. మాది లారీ పూరణ. ‘హ్యాక్నీ డైమండ్స్’ అంటే లండన్ యాసలో పగిలిన అద్దం ముక్కలట. కారు అద్దం బద్దలుకొట్టి దొంగతనం చేస్తే రోడ్డు మీద మెరుస్తూ పడేవి. ముందద్దం పగిలిన లారీలో కూర్చుని ఒళ్ళోంచి ఆ పెంకులు ఏరుకున్నవాడిని. ఈ పేరు నాకు నేరుగా తగిలింది.

అద్దమట్టె పగిలె ఆల్బమ్ కవరుమీఁద
గాజు గుండె బొమ్మ, గాన మెత్త
నిద్రలోన మునిఁగి నీల్గిన క్లీనరు
చచ్చినట్టివాఁడు వచ్చి కొట్టె

కొట్టింది డాష్‌బోర్డు మీద. ఎనిమిదో పాటకి.

ముమ్మిడివరం మాస్టారు:
మొదటి పాదంలో గణం (గురులఘువుల వరస) చెడింది. ‘ఆల్బమ్’ దగ్గర చూసుకోండి.

రావులపాలెం:
చూసుకునే పెట్టాను మాస్టారూ. పొల్లు ఉంది కాబట్టి ‘బమ్’ గురువు. ‘ఆల్బమ్ క’ త-గణం, ‘వరుమీఁద’ సలం. ఎక్కడ చెడింది?

ముమ్మిడివరం మాస్టారు:
నిజమే. ‘ఆల్బము’ అని చదివేశాను. గణం సరిపోయింది, విసంధి (సంధి కలపకపోవడం) మాత్రం ఉండిపోయింది. ‘నీల్గిన’ చాలా బాగుంది. ఒళ్ళు విరుచుకోవడం, ప్రాణం పోవడం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

అంబాజీపేట:
నీల్గిన బాగుంది సరే. ‘చచ్చినట్టు పడుకున్నవాడు’ అనే అర్థం ‘చచ్చినట్టివాఁడు’కి వస్తుందా? ‘అట్టి’కీ ‘అట్టు’కీ తేడా ఉంది. వ్యాకరణం ప్రకారం ఆ క్లీనరు నిజంగానే పోయినట్టు.

రావులపాలెం:
మా లారీలో తెల్లవారుజామున మూడింటికి ఎక్కి చూడండి, తేడా ఉండదు.

యానాం తమ్ముడు:
నేను రెండో పాదం దాకానే వచ్చాను. ‘మిన్ను విడిచి చార్లీ మేళ మెత్తె’. ఎలా ఉందండీ?

పాలకొల్లు అక్కయ్య:
భావం హాయిగా ఉంది నాన్నా. ‘చార్లీ’లో దీర్ఘం వల్ల గణం తప్పింది. ‘మిన్ను విడిచి వాఁడు మేళ మెత్తె’ అను. యతికి ఇబ్బంది లేదు.

యానాం తమ్ముడు:
పేరు తీసేస్తే ఎవరి గురించో తెలియదు కదక్కా.

పాలకొల్లు అక్కయ్య:
ఈ ఆల్బమ్ గురించి అన్నాక వేరే ఎవరనుకుంటారు? పాడింది మిక్ జాగర్, ఆల్బమ్ వచ్చేనాటికి ఆయనకి ఎనభై ఏళ్ళు. గిటారు కీత్ రిచర్డ్స్‌కి 2023 డిసెంబరుతో ఎనభై నిండాయి. పాల్ మెకార్ట్నీ వచ్చి ఒక పాటకి బేస్ వాయించాడు, స్టీవీ వండర్ వచ్చాడు, లేడీ గాగా వచ్చి గొంతు కలిపింది. అయినా ఇక్కడ అందరం మాట్లాడుకుంటున్నది లేని మనిషి గురించే. ఎనిమిదో పాటలో బిల్ వైమన్ బేస్ కూడా ఉంది. 1993లో బ్యాండు వదిలి వెళ్ళిన మనిషి. ఆయన బేస్, చార్లీ డ్రమ్ము మళ్ళీ పక్కపక్కన వినిపించేసరికి నేను పొయ్యి ఆపి కూర్చున్నాను.

ఇక నా పూరణ. మీరందరూ రెండు పాటల్లోనే వెతికారు.

పోవు వేళఁ జూపి పోయె వారసుఁ దానె
కర్ర వాని చేతఁ గదలినంత
పదియు రెంట వింటి భళి వాని సవ్వడే
చచ్చినట్టివాఁడు వచ్చి కొట్టె

మిగిలిన పాటల్లో డ్రమ్స్ వాయించింది స్టీవ్ జోర్డాన్. 2021లో జబ్బు చేసినప్పుడు, నా బదులు వాయించమని స్టీవ్‌ని అడిగానని చార్లీయే చెప్పాడు. అది చెప్పిన నెలలోనే పోయాడు.

రాజోలు (నిర్వాహకుడు):
అక్కయ్యా, ఈ మలుపు నాకు తట్టనే లేదు. పాదం ఇచ్చినవాణ్ణి నేనే, అయినా రెండు పాటల దగ్గరే ఆగిపోయాను.

అంబాజీపేట:
ఈ వారం పద్యం ఇదే. నాది వెనక్కి తీసుకోమన్నా తీసుకుంటాను. ఒక్క సందేహం. రెండో పాదంలో ‘వాని’ అంటే స్టీవ్, మూడో పాదంలో ‘వాని’ అంటే చార్లీ. కావాలనే చేశారా?

పాలకొల్లు అక్కయ్య:
కావాలనే. ఇద్దరూ కలిసిపోవాలి అక్కడ.

రావులపాలెం:
అక్కా, తప్పు పట్టాలని కాదు. పన్నెండో పాటలో అసలు డ్రమ్మే లేదు. అది బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాట, బ్యాండు పేరు పుట్టిందే దాన్నుంచి. కీత్ గిటారు, మిక్ గొంతు, మౌతార్గాన్, అంతే. దరువు పదకొండింటిలోనే ఉంది.

పాలకొల్లు అక్కయ్య:
ఇప్పుడే మళ్ళీ విన్నాను. నువ్వన్నది నిజం. పద్యంలో లెక్క తప్పకూడదు. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

పదియు నొక్క పాట భళి వాని సవ్వడే

‘వింటి’ పోయింది. బాధగానే ఉంది, కానీ పోనిస్తాను.

యానాం తమ్ముడు:
చార్లీ వాయింపుని పోల్చుకోవడం ఎలాగక్కా? నాకు అన్ని డ్రమ్ములూ ఒకేలా వినిపిస్తాయి.

రావులపాలెం:
పాత వీడియోలు చూడు తమ్ముడూ. స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్ము) మీద దెబ్బ వేసే క్షణంలో హైహ్యాట్ (జంట తాళాలు) మీంచి కుడిచెయ్యి పైకి తీసేస్తాడు. రెండూ కలిపి కొట్టడు. ఆ చిన్న ఖాళీ వల్ల దెబ్బ విడిగా, శుభ్రంగా వినిపిస్తుంది.

ముమ్మిడివరం మాస్టారు:
ఆ ఖాళీ మాట చదివాక మా ఊరి జాతరలో గరగలు (అమ్మవారి ఘటాలు) ఎత్తినప్పటి డప్పు గుర్తొచ్చింది. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎండు కొబ్బరిమట్టలు మంటేసి, డప్పుని దానికి ఎదురుగా పట్టి, అరచేత్తో తట్టి చూసుకునేవాడు. కంఠం పలికిందాకా కర్ర తాకించేవాడు కాదు. కుడిచేతి లావు కర్ర, అంటే సిర్ర, ఆగినప్పుడు ఎడమచేతి సన్న పుల్ల, చిటికెనపుల్ల, ఒక్కటే చర్మం మీద గీస్తున్నట్టు వినపడేది. జాతర రోజే పోయాడు. మరుసటేడు మనవడు ఎత్తాడు అదే డప్పు.

అక్కయ్య పద్యం చదివాక కచుణ్ణి వదిలేశాను. ఆల్బమ్ పేరు ఇందులో లేదు, నిర్వాహకులు క్షమించాలి.

గరగ లెత్తు నాఁడు కన్ను మూసిన తాత
డప్పు మనుమఁ డెత్తి చప్పు డిడఁగ
ఊరు లేచి నిలిచి యొక్కటే యనుకొనె
చచ్చినట్టివాఁడు వచ్చి కొట్టె

రాజోలు (నిర్వాహకుడు):
నిబంధన నాదే, సడలించేదీ నేనే. ఉంచుతున్నాను మాస్టారూ.

పాలకొల్లు అక్కయ్య:
నా పద్యంలో చెప్పాలనుకున్నది మీ మూడో పాదంలో ఉంది.

అంబాజీపేట:
మాస్టారూ, నాలుగు పాదాలూ వేలు పెట్టి లెక్కపెట్టాను. యతులు చూశాను, రెండో పాదంలో ప్రాసయతి కూడా చూశాను. ఒక్క అక్షరం దొరకలేదు. ఏనుగు పద్యం ఒకసారి మళ్ళీ పెడతారా?