సన్న తంగూసు, బతికున్న పరక: మత్తడి దగ్గర ఏదో పెద్దది తెంచుకుపోయింది

హన్మకొండ గాలం:

అన్నలూ, మొన్న ఆదివారం జరిగింది చెప్తే నవ్వుతారేమో కానీ నాకు ఇంకా నిద్ర పట్టట్లేదు. నర్సంపేట వైపు మా అమ్మమ్మ ఊరి చెరువు ఈసారి నిండి మత్తడి దూకుతోంది. వాగు వచ్చి చెరువులో కలిసే మూల ఒకటుంది, అక్కడ వాగు నీళ్లు ఎర్రగా, చెరువు నీళ్లు నల్లగా కనబడతాయి, సరిగ్గా ఆ రెండూ కలిసే గీత మీద చిన్న పరక చేపలు గుంపుగా ఎగిరి ఎగిరి పడుతుంటే కింద ఏదో తరుముతోందని అర్థమైంది.

మా మేనబావ కాకినాడలో ఉంటాడు. యానాం అవతల గోదారి సముద్రంలో కలిసే వైపు పడవ మీద పోయి, సన్న రాడ్‌తో బతికున్న రొయ్యను ఎరగా వేసి పండుగప్పలు పడతాడు. ఆ వీడియోలు చూసి చూసి నేనూ ఆరున్నర అడుగుల లైట్ రాడ్, 2500 సైజు రీల్, 12 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన) తంగూసు కొన్నాను. వేలెడు పరకను వీపు దగ్గర హుక్కుకు గుచ్చి, థర్మకోల్ బెండు కట్టి, నీళ్లు కలిసే చోట వదిలాను. పది నిమిషాలకు బెండు వణికింది. ఆగింది. తర్వాత మునగలేదు, పక్కకు నడుచుకుంటూ పోయింది, అప్పుడే నాకు చేతులు చల్లబడ్డాయి. గట్టిగా గుంజాను. రాడ్ సగానికి వంగింది, టప్‌మని శబ్దం, అంతే! హుక్ లేదు, చేప లేదు. చేప పోతుందేమోనని డ్రాగ్ (చేప లాగితే రీల్‌లోంచి తంగూసు జారనిచ్చే బిగింపు) ముందే బాగా బిగించి పెట్టుకున్నాను కూడా.

30 పౌండ్ల తంగూసు కొనమంటారా? ఇంతకీ అది కొర్రమీనా, వాలుగా?

మంచిర్యాల గోదారోడు:

తమ్మీ, కొత్త తంగూసు కొనే ముందు తెగిన చివర చూడు. పారేయలేదు కదా? దాన్ని గోటి మీద పెట్టి వెలుతురులో చూడు. చివర వంకీలు వంకీలుగా తిరిగి ఉంటే అది తెగలేదు, నీ ముడి జారిపోయింది. దూది రేగినట్టు జానెడు పొడవునా గరుకుగా ఉంటే పళ్లకు రాసుకుని తెగింది, అంటే వాలుగ అనుకో. దాని నోట్లో పళ్లు పెద్దవేం కాదు, కానీ దువ్వెనలా సన్నగా వందలు ఉంటాయి, రెండు నిమిషాలు అటూ ఇటూ లాగితే ఎంత మంచి సన్న తంగూసైనా అరిగిపోతుంది.

ఇంకో మాట, డ్రాగ్ బిగించడమే నీ అసలు తప్పు. 12 పౌండ్లంటే దాదాపు ఐదున్నర కిలోలు. డ్రాగ్ అందులో మూడో వంతుకో నాలుగో వంతుకో జారాలి, అంటే దగ్గరదగ్గర కిలోన్నర. దానికి తూకం యంత్రం అక్కర్లేదు. లీటరున్నర నీళ్ల బాటిల్ నింపి తంగూసుకు కట్టి రాడ్‌తో లేపు, బాటిల్ కొంచెం లేస్తూనే రీల్ నుంచి తంగూసు జారడం మొదలవ్వాలి. జారకపోతే వదులు చెయ్యి. నైలాన్ తంగూసు సాగుతుంది, బ్రెయిడ్ సాగదు, చేప కొట్టిన దెబ్బంతా పోయి ముడి మీదే పడుతుంది. అందుకే సన్న సామానుతో పెద్ద చేప పట్టేవాడు దాన్ని ఆపడు, పోనిస్తాడు. అది వంద అడుగులు పోతే పోనీ, రాడ్ వంచే ఉంచు, అది ఆగినప్పుడు నువ్వు చుట్టుకో.

హుక్కుకు పైన ఒక అడుగు 40 పౌండ్ల మందపాటి నైలాన్ ముక్క పెట్టు, దాన్నే లీడర్ అంటారు, దానికీ బ్రెయిడ్‌కూ మధ్యలో చిన్న స్వివెల్ (గిరగిరా తిరిగే లింకు). 30 పౌండ్ల బ్రెయిడ్ వేస్తే మాత్రం ఆ లైట్ రాడ్ విరుగుతుంది, చెప్పలేదనకు.

తూము పక్కింటోడు:

తెంచుకుపోయిన చేప ఎప్పుడూ పది కిలోలకు తక్కువ ఉండదన్నా. నాది అయితే పోయిన ఏడాది పదిహేను కిలోలు 😄

కట్ట మీది కాకా:

గోదారోడు చెప్పింది నూటికి నూరు పాళ్లు. నేను ఎర సంగతి చెప్తా, ఎందుకంటే మీ పిల్లలంతా రాడ్‌కు ఐదు వేలు పెట్టి ఎరను మాత్రం ఎండకు ఉడికిన బకెట్లో చంపి పట్టుకుపోతారు.

పరకల్ని అదే చెరువులో చిన్న వలతో పట్టాలి, అదే నీళ్లలో ఉంచాలి. ఇంటి నల్లా నీళ్లలో వేస్తే క్లోరిన్‌కు గంటలో తేలిపోతాయి. పెద్ద బకెట్‌కు పది చాలు, తడి గోనెసంచి కప్పి నీడన పెట్టు, గంటకోసారి సగం నీళ్లు మార్చు, బ్యాటరీతో నడిచే గాలి మోటరు ఉంటే ఇంకా మంచిది. పొడి చేత్తో పట్టుకోకు, ఒంటి మీది జిగురు పోతే అది గట్టిగా ఈదదు. నిలిచిన నీళ్లలో బెండు కింద వేసేటప్పుడు వీపు రెక్కకు కొంచెం ముందు, పైపైన చర్మంలో గుచ్చు, వెన్నుపూసకు తగిలిందా, పని అయిపోయినట్టే. వాగు పోటులో వేస్తే పెదవికి గుచ్చాలి, వీపుకు గుచ్చితే నీటి వేగానికి గిరగిరా తిరుగుతుంది.

ఇక బెండు పక్కకు నడిచిందన్నావు చూడు, అక్కడ నువ్వు తొందరపడ్డావు. చేప పరకను అడ్డంగా నడుమున పట్టి పోతుంది, కాస్త ఆగి తలవైపు తిప్పుకుని మింగుతుంది. ఆ నడకలో గుంజితే ఎర నోట్లోంచి ఊడి వస్తుంది, ఊడకపోతే పెదవి చివర ఎక్కడో తగులుతుంది. అలా అని మరీ మింగనిచ్చావో, గాలం పొట్టలో దిగుతుంది, చిన్నదైతే వదలడానికి కూడా పనికిరాదు. మా కాలంలో బీడీ ముట్టించి రెండు దమ్ములు లాగి అప్పుడు గుంజేవాళ్లం, నువ్వు బీడీ అలవాటు చేసుకోకు, పది లెక్కపెట్టు చాలు.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది: సంఘం వాళ్లను అడిగావా? చెరువులో చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘానిది, చేప పిల్లల్ని వదిలేది వాళ్లు, వల వేసి బతికేది వాళ్లు. రాడ్ పట్టుకుని వచ్చినవాడు సరదా అంటాడు, వాళ్లకు అది కూలి. వాలుగ అయితే వాళ్లకూ మంటే, బొచ్చె పిల్లల్ని మింగేస్తుందని. కొర్రమీను విషయం వేరు, దాని ధరే వేరు. మాట్లాడి పో. పాకాల వైపు మాత్రం పోకు, అది అభయారణ్యం, గాలం తీస్తే అటవీ శాఖ వాళ్లు ఊరుకోరు.

ఉప్పునీళ్ల ఓరుగల్లోడు:

నేను వరంగల్‌వాణ్నే, ఉద్యోగం కాకినాడలో. మీ మేనబావ చేసేదాన్ని మీ చెరువులో దింపుతానంటే సగం కుదురుతుంది. అక్కడ పోటు, పాటు చూసి పోతాం. పాటు మొదలై మడ అడవుల కాలవల్లోంచి నీళ్లు బయటికి లాగుతుంటే రొయ్యలూ చిన్న చేపలూ దాంతోపాటే వస్తాయి, పండుగప్ప కాలవ నోటి దగ్గర కాచుకుని ఉంటుంది. మీ వాగు చెరువులో కలిసే చోట జరిగేదీ అదే, కాకపోతే రోజుకు రెండుసార్లు కాదు, వాన పడ్డప్పుడే. కాబట్టి పైన వాన పడి వాగు కొత్తగా పారుతున్న రోజు పొద్దున్నే, లేదా మసక చీకటి పడే వేళ వెళ్లు. వాలుగ ఎక్కువగా రాత్రి తిరిగే చేప.

పండుగప్పకు పళ్ల గొడవ లేదు, దాని మొప్పల మీది డొప్ప మాత్రం కత్తిలా ఉంటుంది, అందుకే అక్కడా మందపాటి లీడరే. ఎవరో నన్ను అదే చోట వంజరం పడుతుందా అని అడిగారు. వంజరం సముద్రం చేప, పడవేసుకుని లోపలికి పోవాలి, దాని పళ్లకు నైలాన్ ఆగదు, స్టీలు తీగే కట్టాలి.

హన్మకొండ గాలం:

అన్నా, చివర చూశాను. వంకీలే! షూ లేసులాగా రెండు ముళ్లు వేశాను, జారిపోయింది. ఇన్నాళ్లూ చేప తెంచిందని ఊరంతా చెప్పుకు తిరిగాను.

ఇప్పుడు పాలోమార్ ముడి నేర్చుకున్నా: తంగూసును రెండు పేటలు చేసి హుక్ కంట్లోంచి దూర్చి, మామూలు ముడి వదులుగా వేసి, ఆ ఉచ్చులోంచి హుక్‌ను దాటించి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. తడపకుండా బిగిస్తే వేడికి దెబ్బతింటుందట. బాటిల్ కట్టి చూస్తే నా డ్రాగ్‌కు బాటిల్ కాదు, మా చెల్లెలు వేలాడినా జారేలా లేదు.

సంఘం పెద్దాయన్ని కలిశాను. ముందు మొహం చిట్లించాడు, వాలుగ కోసమన్నాక తనే మంచి చోటు చూపించాడు, కొర్రమీను తగిలితే తూకం వేసి డబ్బు కట్టి తీసుకుపో అన్నాడు. నిన్న సాయంత్రం మూడు పరకలు పోయాక నాలుగోదానికి బెండు మళ్లీ పక్కకు నడిచింది. పది లెక్కపెట్టమన్నారు కదా కాకా, ఏడు దగ్గరే ఆగలేకపోయా. అయినా తగిలింది. తుంగలోకి దూరబోయింది, రాడ్ పక్కకు వంచి మళ్లించా. కొర్రమీను, కిలో రెండు వందల గ్రాములు. డబ్బు కట్టి తెచ్చుకున్నా.

వాలుగ మాత్రం రాలేదు. నీళ్లు కలిసే గీత ఇప్పుడు ముప్పై అడుగులు లోపలికి జరిగింది, ఒడ్డు నుంచి బెండు అంత దూరం పడట్లేదు. బెండు తీసేసి సీసం గుండుతో అడుగున వేయనా?

మంచిర్యాల గోదారోడు:

వెయ్యి. గుండు తంగూసు మీద జారేలా ఉండాలి, స్వివెల్‌కు పైన. పరకను పెదవికి గుచ్చు. తంగూసు తేలిగ్గా పోయేలా రీల్ తెరిచే ఉంచు, లేకపోతే రాడ్ కూడా చెరువులోకి పోతుంది, మాదొకటి గోదారిలో ఉంది.