విక్టరీకి ఏ రంగు వేయాలి: పాత పసుపా, 2015 గంధమా?

బల్లమీద ఓడ:
పాత బ్రిటిష్ యుద్ధనౌక హెచ్ఎంఎస్ విక్టరీకి హెల్లర్ వాళ్ల 1/100 ప్లాస్టిక్ కిట్ (అసలు ఓడలో నూరో వంతు బొమ్మ) రెండేళ్లుగా నా బల్ల మీదే ఉంది. హల్ (ఓడ ఒళ్లు) రెండు సగాలూ అతికించి, ప్రైమర్ కొట్టి అక్కడ ఆగిపోయాను. నలుపు చారల గురించి గొడవ లేదు. వాటి మధ్య వేసే పసుపు దగ్గరే టెన్షన్. చిన్నప్పటి నుంచి ఫొటోల్లో చూసింది ఆవపిండి లాంటి ముదురు పసుపు. పోర్ట్స్‌మత్‌లో ఉన్న అసలు ఓడకేమో 2015లో గులాబీ ఛాయ ఉన్న లేత గంధం రంగు వేశారు. మీరైతే ఏది వేస్తారు?

తెరచాప:
ఇందులో ఆలోచించడానికేముంది? గంధమే. 2015లో ఎవరికో నచ్చిందని మార్చిన రంగు కాదది. పాత చెక్క మీది రంగు పొరలు గీకి, పరీక్ష చేసి, 1805 ట్రఫాల్గర్ యుద్ధం నాటి పొర ఇదని తేల్చాకే వేశారు. ఆవపిండి రంగు 20వ శతాబ్దంలో జనానికి అలవాటైంది, అంతే.

జిగురువేళ్లు:
తెరచాప గారూ, ఇప్పటి ఓడే ప్రమాణమంటే ఆ ఓడ తెరచాప కొయ్యల పై భాగాలు 2011లో దింపేశారు. కిట్‌లో కూడా కోసేద్దామా? 😄

జోక్ పక్కన పెడితే, బ్రష్ పట్టుకునేవాడిగా నా బాధ వేరు. నేను 1/180 ఎయిర్‌ఫిక్స్ విక్టరీకి ఆ గంధం రంగే వేశాను. డబ్బాలో బాగుంది, హల్ మీద పాలిపోయింది. రెండు గజాల దూరం నుంచి చూస్తే నలుపు, తెలుపు చారల ఓడలా ఉంది. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ రంగు కాస్త లేతగా వేయాలని మనవాళ్లు అంటుంటారు కదా. అసలే లేతగా ఉన్నదాన్ని ఇంకా లేత చేస్తే మిగిలేది సున్నమే.

తెరచాప:
కొయ్యల సంగతి వేరు బ్రదర్. వాటిని దింపింది మరమ్మతు కోసం, రంగు మార్చింది ఆధారం దొరికి. రెండూ ఒకటెలా అవుతాయి?

సౌతాంప్టన్ తెలుగు:
2009లో ఒకసారి, 2018లో ఇంకోసారి ఓడ ఎక్కాను. రెండోసారి చూడగానే ‘ఇదేంటి, వెలిసిపోయింది’ అనుకున్నాను. పది నిమిషాలు చుట్టూ తిరిగాక కన్ను అలవాటు పడింది. మబ్బు పట్టినప్పుడు మీగడలా, ఎండ వస్తే గులాబీలా కనిపిస్తుంది. ఫొటో చూసి కలిపితే మాత్రం కచ్చితంగా తప్పుతారు.

ఇంకో మాట. ఆ కాలంలో రంగంటే మట్టి పొడి, సీసపు తెలుపు అవిసె నూనెలో కలిపిందే. కలిపే చేతిని బట్టి మారేది, ఉప్పుగాలికి వెలిసేది. పొరలో దొరికింది నిజమే, కానీ అక్టోబరు 21న ఓడ పక్కలన్నీ ఒకే ఛాయలో ఉన్నాయని ఎవరు చెప్పగలరు? ఆ యుద్ధానికి ముందు బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ తన ఓడల కొయ్యల మీది ఇనుప కట్లకు పసుపు వేయించాడు. ఫ్రెంచి, స్పెయిన్ ఓడల కట్లు నలుపు కాబట్టి పొగలో మనవాళ్లెవరో తెలియాలని. అక్కడ కావలసింది గుర్తుపట్టే తేడా, షేడ్ నంబరు కాదు.

జిగురువేళ్లు:
అదే నేనూ అంటున్నది. తేడా కనిపించాలి!

తెరచాప:
కనిపించాలని మరీ ఆటో రంగు పూస్తామా? ఇంకో ప్రశ్న: వెనక వైపు బాల్కనీలు మూసేసినట్టున్న కిట్ కదా మీది? 1800–1803 మరమ్మతుకు ముందు అవి తెరిచి ఉండేవి. అంటే అచ్చు పోసినవాళ్లే ట్రఫాల్గర్ రూపం ఇచ్చారు. ఒళ్లు 1805ది పెట్టుకుని, చొక్కా 1980లది తొడగడం నాకు మింగుడుపడదు.

బల్లమీద ఓడ:
చొక్కా మాట గట్టిగానే తగిలింది 🙂. నిన్న రాత్రి పాత ప్లాస్టిక్ ముక్క మీద నాలుగు రకాలు వేసి చూశాను. దుకాణంలో దొరికే యెల్లో ఆకర్ (మట్టి పసుపు) అక్రిలిక్‌లో తెలుపు, చుక్క ఎరుపు కలిపాను. అచ్చం 2015 రంగులా వచ్చినది నిజంగానే వెలవెలబోయింది. తెలుపు సగం తగ్గించి కలిపినది నలుపు పక్కన నిలబడింది. అక్క కూతురు ఆ రెండోదాన్నే చూపించి ‘ఇది గంధం, అది సున్నం’ అంది. కాబట్టి రెండోదే వేస్తున్నాను. తెరచాప గారు తిట్టుకోవచ్చు.

తెరచాప:
తిట్టను. పీఠం మీది పేరు పలకలో మాత్రం 1805 అని చెక్కించకండి.

జిగురువేళ్లు:
రంగు ఆరకముందే మాస్కింగ్ టేప్ లాగేయండి. నేను మర్నాటి దాకా ఉంచితే పెచ్చులతో సహా లేచొచ్చింది. ఇక ఓడ అడుగున ఉండే రాగి రేకుల రంగు మీద ఇంకో థ్రెడ్ తెరుద్దామా?