కారు ముందు చక్రం దగ్గర కీచుమంటోంది, బ్రేక్ ప్యాడ్లా చక్రం బేరింగా?

నాలుగో గేరు:
అందరికీ నమస్తే. ఎడమ ముందు చక్రం వైపు సన్నగా కీచుమంటోంది, స్లోగా పోతూ అద్దాలు దించితే బాగా వినిపిస్తుంది, ఏసీ వేసుకుని ఎత్తేస్తే అసలు తెలీదు. మెకానిక్ చక్రం విప్పలేదు, సందులోంచి లైట్ వేసి చూసి ప్యాడ్లు బానే ఉన్నాయి బేరింగ్ మార్చాలన్నాడు. మార్పించెయ్యనా?

పాత డీజిల్:
ఆగండి ఆగండి. బ్రేక్ నొక్కితే శబ్దం పెరుగుతోందా, ఆగిపోతోందా? ముందు అది చెప్పండి. బేరింగ్ పోతే ఎక్కువగా గూమ్మని మోత వస్తది, స్పీడ్‌తో పాటు పెరుగుద్ది, బ్రేక్ తొక్కినా మారదు. నా బండికి కుడివైపు బేరింగ్ పోయినప్పుడు ఎడమకి తిప్పితే మోత పెరిగేది కుడికి తిప్పితే తగ్గేది, ఎందుకంటే ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుద్ది కదా.

నాలుగో గేరు:
ఇప్పుడే ఒక రౌండ్ వేసొచ్చా. బ్రేక్ మీద కాలు కొంచెం ఆనిస్తే చాలు ఆగిపోతోంది, వదిలితే మళ్లీ మొదలు. స్టీరింగ్ ఎటు తిప్పినా తేడా లేదు.

షెడ్డు మనిషి:
అయితే బేరింగ్ మాట మర్చిపోండి ప్రస్తుతానికి. ప్యాడ్ వెనక రేకుకి చిన్న ఇనప నాలుక ఉంటది, ప్యాడ్ మెటీరియల్ అరిగి 2–3 మి.మీ.కి వచ్చాక అది డిస్క్‌కి (చక్రంతో తిరిగే ఇనప పళ్లెం, దాన్నే ప్యాడ్లు పట్టి ఆపుతాయి) తగిలి అరుస్తది, మార్చమని చెప్పడానికే కంపెనీవాళ్లు అలా పెడతారు. చాలా బళ్లలో అది లోపలి ప్యాడ్‌కి ఉంటది, బయట నుంచి లైట్ వేస్తే కనపడేదేమో బయటి ప్యాడ్. కాలిపర్ అంటే ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే బిగింపు, అది జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు పట్టేస్తే లోపలిది అయిపోయినా బయటిది ఇంకా సగం ఉంటది. చక్రం విప్పించి రెండూ చూడండి. కీచు పోయి గరగర మొదలైతే మాత్రం ఇనుము ఇనుముని తింటున్నట్టే, ఇక బండి తీయొద్దు.

వానచుక్క:
నాకైతే పొద్దున తీసినప్పుడు మాత్రమే వచ్చేది, ఓ నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోయేది. రాత్రి తేమకి డిస్క్ మీద పట్టే తుప్పు పొర అది, అంతే. దానికి ఒక షెడ్డులో ప్యాడ్లు మార్చేశారు మహానుభావులు, మర్నాడు పొద్దున మళ్లీ అదే అరుపు 😂

మట్టిరోడ్డు:
రాయి కూడా చూడండి. డిస్క్ వెనకాల పల్చటి రేకు ఉంటుంది కదా, దానికీ డిస్క్‌కీ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే చెవులు చిల్లులు పడతాయి. నాకు రివర్స్‌లో కొంచెం దూరం పోనిస్తే అదే రాలిపోయింది.

కొత్త బండి:
ఇంత చర్చ ఎందుకండీ, తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి పోద్ది

షెడ్డు మనిషి:
బాబూ దండం పెడతా ఆ పని మాత్రం చెయ్యకండి!! ప్యాడ్‌కి నూనె తగిలిందా అరుపు పోద్ది, దాంతో పాటు బ్రేకూ పోద్ది. కొడితే బ్రేక్ క్లీనర్ ఒక్కటే. గ్రీజు కూడా వేడికి కారనిది తీసుకుని ప్యాడ్ వీపుకీ చెవులకీ (రెండు చివర్లకీ) పల్చగా రాయాలి, డిస్క్‌ని పట్టే వైపు వేలు కూడా పెట్టకూడదు.

నాలుగో గేరు:
చక్రం విప్పించా. లోపలి ప్యాడ్ దాదాపు రేకు దాకా వచ్చేసింది, బయటిది సగం పైనే ఉంది. కింది పిన్ను కదలట్లేదు, దాని రబ్బరు తొడుగు చిరిగి లోపల తుప్పు. ఎడమవైపు ఒక్కటే మార్పిస్తే సరిపోద్దా?

పాత డీజిల్:
వద్దు, ముందున్న రెండు చక్రాలకీ ఒకేసారి వేయించండి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగొచ్చు. పిన్ను, తొడుగు కొత్తవి వేయించకపోతే ఈ ప్యాడ్లూ ఇలాగే తినేస్తది. డిస్క్ మందం కొలవమనండి, ఎంత వరకు అరగొచ్చో చాలావాటికి డిస్క్ మీదే ముద్ర ఉంటది. వేశాక కొత్త ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకోడానికి ఖాళీ రోడ్డు మీద గంటకి 50–60 కి.మీ. నుంచి 10 దాకా మెల్లగా తగ్గించడం, కాస్త చల్లారనివ్వడం, ఇలా కొన్నిసార్లు చెయ్యండి. వేడి మీద ఉన్నప్పుడు బండి ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు, ప్యాడ్ మెటీరియల్ ఆ ఒక్కచోటే డిస్క్‌కి అంటుకుంటది, తర్వాత బ్రేక్ వేసినప్పుడల్లా పెడల్ వణుకుద్ది.