అప్‌డేట్: అద్దం మీద ప్రోటాన్ల పరిక్షేపణంలో (చెదరడంలో) ఆ తక్కువ శక్తి కౌంట్లు ఎక్కడివో తెలిసింది

ముందుగా జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. నా సమస్య మళ్లీ చెబుతాను. బంగారు పూత ఉన్న ఎక్స్-రే అద్దం ముక్క మీదికి 250 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లను ఉపరితలానికి దాదాపు 1 డిగ్రీ కోణంలో పంపితే, స్పెక్ట్రంలో (ఏ శక్తితో ఎన్ని ప్రోటాన్లు వచ్చాయో చూపే గ్రాఫ్‌లో) తక్కువ శక్తి వైపు పొడవాటి తోక కనిపించేది.

“అద్దం తీసేసి ఒక రన్ చేయండి” అన్న సలహానే దారి చూపింది. అద్దం లేకపోయినా తోక అలాగే ఉంది! మా యాక్సిలరేటర్ ఇంజనీర్ చూసి, ప్రోటాన్లు స్లిట్ (పుంజాన్ని సన్నగా చేసే ఇరుకు చీలిక) అంచును ఒరుసుకుంటూ శక్తి పోగొట్టుకుని పక్కకు చెదురుతున్నాయని తేల్చారు. అందుకే ఆ స్లిట్ వెనుక కాస్త వెడల్పాటి రెండో స్లిట్ పెట్టాం. అది పుంజాన్ని తాకదు, చెదిరినవాటిని మాత్రమే ఆపుతుంది. తోక దాదాపు పోయింది. ఇప్పుడు ప్రోటాన్లు ఎక్కువగా వచ్చే శిఖరం ప్రతిబింబ కోణం దగ్గర, అంటే పుంజం దిశ నుంచి సుమారు 2 డిగ్రీల వద్ద, స్పష్టంగా ఉంది.

పూత మందం, ఉపరితల గరుకుదనం, డిటెక్టర్ క్యాలిబ్రేషన్ కారణాలు కావు. గరుకుదనం మీదే నేను వారాలు పోగొట్టుకున్నాను.

ఇంత టెన్షన్ ఎందుకని ఒకరు అడిగారు. 1999లో నాసా వారి చంద్ర అనే ఎక్స్-రే అంతరిక్ష టెలిస్కోప్ ప్రయోగించిన కొద్ది వారాలకే, భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాల్లోని తక్కువ శక్తి ప్రోటాన్లు అద్దాల మీద చెదిరి కెమెరా సీసీడీలను (చిత్రాన్ని నమోదు చేసే సెన్సర్లను) దెబ్బతీశాయి. అప్పటి నుంచి ఆ వలయాలు దాటేటప్పుడు కెమెరాను ఫోకస్ నుంచి పక్కకు జరుపుతున్నారు. అద్దం ఏ కోణంలో ఎన్ని ప్రోటాన్లను పంపుతుందో సరిగ్గా కొలిస్తేనే తర్వాతి టెలిస్కోపులకు రక్షణ లెక్క కుదురుతుంది. స్లిట్ నుంచి వచ్చినవి అందులో కలిస్తే ఆ లెక్కే తప్పుతుంది.