జింకల కోసం హింజ్ కట్: ఎంత లావు చెట్టు వరకు సురక్షితం?

ప్రశ్న:
వేట కోసం ఉంచిన అడవి స్థలం. మేపుల్, ఎల్మ్, యాష్, అక్కడక్కడా వైట్ ఓక్. పైన కొమ్మలు కమ్ముకుపోయి కింద మొలకన్నది లేదు. వైట్‌టెయిల్ జింకలు దాటిపోవడమే తప్ప ఆగడం లేదు. ఒక ఎకరంలో హింజ్ కట్ (చెట్టును పూర్తిగా తెంచకుండా సగానికి పైగా కోసి, బతికుండగానే వంచి పడుకోబెట్టడం) చేయాలనుంది. చైన్‌సా వాడకం తెలుసు. ఎంత లావు, ఎంత లోతు?

జవాబు 1:
ఆరంగుళాల వ్యాసం దాటిన చెట్టు జోలికి పోవద్దు. ఒరిగే వైపుకు వెనక నుంచి, నడుము ఎత్తులో, ఏటవాలుగా కిందికి కోయండి. నిలబడేది మాత్రం కాండానికి పక్కన, నేరుగా వెనక కాదు. మూడింట రెండొంతులు తెగేసరికి చాలావరకు వంగుతుంది. వంగకపోతే కొక్కెం కర్రతో నెట్టండి, ఇంకా లోతుకు వెళ్లొద్దు. మిగిలిన చెక్క, బెరడు తెగకుండా ఉంటేనే చెట్టు బతికి చిగురేస్తుంది. భుజం కంటే ఎత్తులో అసలు కోయకండి, రంపం తన్నితే నేరుగా ముఖానికే.

జవాబు 2:
లావు కంటే పెద్ద ప్రమాదం చీలడం. హింజ్ కట్‌లో చెట్టు పడే వైపు పెట్టే ముందు గాటు ఉండదు. చెట్టు బరువుకు కోయని చెక్క వంగలేక కాండం నిలువునా చీలి, వెనక ముక్క పైకి లేచి తంతుంది. దీన్నే బార్బర్ చెయిర్ అంటారు. యాష్‌కి ఈ గుణం మరీ ఎక్కువ; బాగా ఒరిగిన చెట్టు ఏదైనా అంతే. వాటిని హింజ్ చేయకండి. పడగొట్టక తప్పకపోతే ముందు గాటు పెట్టి, రంపం బార్‌ను కాండం మధ్యలో గుచ్చి కోసి, వెనక వదిలిన పట్టీని చివర్లో తెంచండి. ఎండిన యాష్ పైనుంచి కొమ్మలు రాలుస్తుంది, దాని కిందికే వెళ్లొద్దు.

పక్క చెట్టుకు చిక్కుకున్నదాని కింద కూడా పని చేయకూడదు. పడిన చెట్టు కింద విల్లులా వంగిన మొక్కల్ని ఒక్క వేటుకు కోస్తే ఎగిరి కొడతాయి. వంపు లోపలి వైపు కొద్దికొద్దిగా చెక్కి, బిగువు తగ్గాకే తెంచండి. హెల్మెట్, ముఖానికి జాలీ, చాప్స్ (రంపం తగిలినా కాళ్లు తెగకుండా కాపాడే తొడుగు) తప్పనిసరి. తోడు లేకుండా దిగొద్దు.

జవాబు 3:
వైట్ ఓక్‌లు ఉంచేయండి, కాయలకు జింకలు ఎలాగూ వస్తాయి. వాటి చుట్టూ నీడ పట్టే మేపుల్, ఎల్మ్ తీస్తే సరి. చలికాలం చివర్లో చేస్తే పడిన కొమ్మల మొగ్గలు అప్పుడే మేతవుతాయి. బుష్ హనీసకిల్, బక్‌థార్న్ లాంటి కమ్ముకుపోయే కలుపు పొదలు ఉంటే ముందు వాటిని నరికి మొద్దులకు కలుపు మందు రాయండి. లేదంటే మీరు తెచ్చిన ఎండ మొత్తం వాటికే.

ప్రశ్న వేసినవారు:
అన్నీ ఒకే వైపు పడుకోబెట్టాలా?

జవాబు 1:
దాదాపుగా. అడ్డదిడ్డంగా పడితే జింకలకూ దారుండదు, మీరు తప్పుకోవడానికీ ఉండదు. ప్రతి కోతకు ముందు వెనక పక్కకు ఏటవాలుగా దారి శుభ్రం చేసుకోండి.