కాక్లియర్ ఇంప్లాంట్ అసలు కనిపెట్టింది ఎవరు? 12 ఎలక్ట్రోడ్లు, 22 ఎలక్ట్రోడ్లు... తేడా ఉందా?

రెండోచెవి
చెవి లోపల ఎలక్ట్రోడ్లు పెట్టి, కరెంటుతో నేరుగా వినికిడి నరాన్ని తట్టి వినిపించే పరికరం ఈ కాక్లియర్ ఇంప్లాంట్. నాకు కుడి చెవికి పెట్టారు, స్విచాన్ అయి మూడు వారాలైంది. ఆ చెవి పోయి పన్నెండేళ్లు. ఇన్నాళ్లూ ఎడమ చెవికి మెషీన్ పెట్టుకుని లాక్కొచ్చాను. మొదటి రోజు ఎవరు మాట్లాడినా రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది. ఇప్పుడు మాటలు కొన్ని దొరుకుతున్నాయి కానీ మా ఆవిడ గొంతూ టీవీలో వార్తలు చదివే ఆయన గొంతూ నాకు ఒకటే. (ఆవిడకి ఇంకా చెప్పలేదు.)
ఇది నాసా వాళ్లు కనిపెట్టారని మా బావమరిది వాదన. నిజమేనా? నాది 12 ఎలక్ట్రోడ్లది. 22 ఉన్నది తీసుకోవాల్సిందా? పాటలు ఎప్పటికి పాటల్లా వినిపిస్తాయి? ఇంకోటి, సాయంత్రానికి తల మీద మాగ్నెట్‌తో కాయిల్ అంటుకునే చోట దురద, కాస్త ఎరుపు. మీకూ అంతేనా?

సోల్డర్_సుబ్బు
మీ బావమరిది చెవిలో ఎవరో సగం పువ్వు పెట్టారు. సగమే ఎందుకంటే ఆ మనిషి నిజంగానే ఉన్నాడు. ఆడమ్ కిస్సియా, కెనెడీ స్పేస్ సెంటర్ ఇంజినీరు. తనకే వినపడదు, ఆపరేషన్లు ఫలించలేదు, దాంతో సొంతంగా కూర్చుని డిజైన్ గీశాడు. 1977లో పేటెంట్ వచ్చింది. కానీ అప్పటికే మనుషుల తలల్లో ఇంప్లాంట్లున్నాయి. పారిస్‌లో 1957లోనే ఆండ్రే జుర్నో, షార్ల్ ఎరియెస్ కలిసి పూర్తిగా చెవిటి అయిన ఒకాయన వినికిడి నరం దగ్గర తీగ పెట్టి, చర్మం కింద చుట్ట అమర్చి, బయటినుంచి కరెంటు పంపారు. కీచురాళ్ల చప్పుడులా వినిపించిందట. తర్వాత సాధన చేయించగా 'పాపా', 'మమా', 'అలో' లాంటి కొద్ది మాటలు గుర్తుపట్టాడు. తీగ తెగింది, మళ్లీ పెట్టారు, అదీ పోయింది. దాంతో ఇద్దరికీ చెడింది. అంతటితో ఆ కథ ఆగింది.

పాతకాపు_1ఛానెల్
ఆగలేదు. ఆ ఫ్రెంచి ప్రయోగం సంగతి ఒక పేషెంటు చెబితేనే లాస్ ఏంజెలెస్‌లో చెవి డాక్టరు విలియం హౌస్‌కి తెలిసింది. 1961లో ఆయన ఇంప్లాంట్ పెట్టాడు. 1984లో మందుల్నీ వైద్య పరికరాల్నీ ఆమోదించే అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మొదటి పరికరం కూడా ఆయనదే, ఒకే ఎలక్ట్రోడ్‌ది. ఈ చర్చల్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు, అదీ నా బాధ. నరంలో 30 వేల పోగులుంటే ఒక్క తీగతో ఏం చేస్తావని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నవ్వారు. 1977లో పిట్స్‌బర్గ్‌లో అలాంటి ఇంప్లాంట్ ఉన్న 13 మందిని కూర్చోబెట్టి పరీక్షించారు. మాటలు విడిగా అర్థం కావడం లేదు, నిజమే. కానీ పెదవులు చూసి గ్రహించడం మెరుగైంది, సొంత గొంతు అదుపులోకి వచ్చింది. నేనూ ఒక్క ఛానెల్‌తో, అంటే ఒకే ఎలక్ట్రోడ్‌తో, తొమ్మిదేళ్లు బతికినవాణ్ణి. తలుపు కొట్టిన చప్పుడు వినపడటం ఎంత పెద్ద సంగతో 22 వాళ్లకి తెలీదు.

డీఎస్‌పీ_గురు
సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పాతికేళ్లుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నా. ఎలక్ట్రోడ్లు లెక్కపెట్టడం మానండి. కాక్లియా అంటే లోపలి చెవిలో ఎలక్ట్రోడ్లు దిగే చోటు, దాని నిండా ఉప్పుద్రవం. అందులో ఒక చోట కరెంటు వదిలితే అక్కడే ఉండదు, పక్కలకి పాకుతుంది. పక్కపక్కనున్న ఎలక్ట్రోడ్లు రెండూ దాదాపు అవే నరాలను తడతాయి. పేరుకి 22 ఉన్నా చాలామందికి విడివిడిగా పనికొచ్చేవి ఎనిమిదికి అటూ ఇటూ. 1995లో షానన్ బృందం మామూలు చెవులున్న వాళ్లకి నాలుగే ఫ్రీక్వెన్సీ బ్యాండ్ల హోరుగా మార్చిన మాటలు వినిపిస్తే, నిశ్శబ్దమైన గదిలో బాగానే అర్థం చేసుకున్నారు. ఇవన్నీ ఎన్నిసార్లు రాసినా ఇక్కడ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

నత్తగుల్ల
ఏమన్నారూ?
ఇక్కడ సగం మందిమి చెవిటివాళ్లమే. ఆ సామెత మా ముఖాన కొట్టడానికి మీకు పాతికేళ్ల అనుభవం కావాల్సి వచ్చిందా?

డీఎస్‌పీ_గురు
సామెత అంతే. సున్నితం ఎక్కువైతే ఇంటర్నెట్‌లో కష్టం.

నత్తగుల్ల
చెవిలో ప్లాటినం ముక్కలు పెట్టుకుని తిరుగుతున్నాను, సున్నితం కాకేమవుతాను. మీ శంఖం మీ దగ్గరే ఉంచుకోండి.

గడ్డిపరక
శంఖం అన్నారు కాబట్టి, దయచేసి కొట్టుకోకండి, అసలు శంఖం కథ వినండి. ఆస్ట్రేలియాలో ఇంప్లాంట్ తయారుచేస్తున్న డాక్టరు గ్రేమ్ క్లార్క్‌కి ఒక చిక్కొచ్చింది. కాక్లియా నత్తగుల్లలా రెండున్నర చుట్లు, పోనుపోను బిగుసుకుంటుంది. ఎలక్ట్రోడ్ల కట్ట లోపలికి దోస్తే మొదటి మలుపులోనే నిలిచిపోతోంది. మెత్తగా చేస్తే ముడుచుకుంటోంది, గట్టిగా చేస్తే గోడ చీల్చేలా ఉంది. 1977లో సెలవుకి మిన్నమర్రా బీచికి వెళ్లి, ఇసుకలో దొరికిన గవ్వ ఒకటి తీసుకుని అందులోకి గడ్డిపరక దూర్చాడు. కొస మెత్తగా, మొదలు కాస్త బిరుసుగా ఉన్న పరక చుట్లు తిరుగుతూ లోతుగా దిగింది. అంతే. కొసన మెత్తన, మొదట్లో బిరుసు. వాళ్ల నాన్న చెవిటి, మందుల షాపు నడిపేవాడు. దుకాణంలో జనం ముందు ఆయన పడే ఇబ్బంది చూస్తూ పెరిగిన కొడుకు ఇతను. ఆ శంఖం ఎవరి ముందూ ఊదడానికి కాదు.

సోల్డర్_సుబ్బు
గడ్డి కథ బాగుంది కానీ ప్రతివాడూ దాంతోనే ఆపేస్తాడు. క్లార్క్ మొదటి ఆపరేషన్ 1978 ఆగస్టు 1. వియన్నాలో ఇంగెబోర్గ్ హోఖ్‌మైర్, ఎర్విన్ హోఖ్‌మైర్ తయారుచేసిన ఎనిమిది ఛానెళ్ల పరికరాన్ని 1977 డిసెంబరులోనే పెట్టారు. స్టాన్‌ఫర్డ్‌లో బ్లెయిర్ సిమన్స్ 1964లోనే ఆరు ఎలక్ట్రోడ్లు పెట్టి చూశాడు. 'మొదటి మల్టీఛానెల్' అని ఏ ఒక్కరికో తిలకం దిద్దేముందు తేదీలు చూడాలి.

గడ్డిపరక
నేను ఎక్కడ 'మొదటి' అన్నాను? నా పోస్టు మళ్లీ చదవండి.

సోల్డర్_సుబ్బు
అనలేదు. అనబోతారనిపించింది.

పాపనాన్న
మీ తేదీల గొడవ మధ్యలో ఒక్క మాట. మా పాపకి పద్నాలుగు నెలలప్పుడు మెనింజైటిస్ వచ్చింది. జ్వరం తగ్గింది, వినికిడి పోయింది. ఒక పెద్ద డాక్టరు "పిల్ల కదా, ఆరు నెలలు చూద్దాం" అన్నాడు. చూశాం. ఆ ఇన్‌ఫెక్షన్ తర్వాత కాక్లియా లోపల ఎముక పెరిగి దారి మూసుకుపోవచ్చని, అలాంటి పిల్లలకి తొందరపడాలని మాకెవరూ చెప్పలేదు. స్కాన్ తీసేసరికి ఒక చెవి దాదాపు పూడిపోయింది. ఆ వైపు ఎలక్ట్రోడ్లు సగమే దిగాయి. రెండో వైపు పూర్తిగా దిగాయి, దేవుడి దయ. ఎవరి ఇంట్లోనైనా ఇలా జరిగితే ఆరు నెలలు ఆగకండి. స్కాన్ వెంటనే అడగండి. గడ్డిపరక దూరడానికి ముందు రంధ్రం ఉండాలి కదా.

నత్తగుల్ల
పాపనాన్న గారూ, సగం దిగిన చెవితో ఎలా ఉంది ఇప్పుడు?

పాపనాన్న
దిక్కు తెలుస్తుంది. వెనకనుంచి పిలిస్తే సరైన వైపు తిరుగుతుంది. ఎనిమిదేళ్లు, నోరు మూతపడదు.

చేతిమాట
చెవి లేకపోతే ఏదో ముక్క తప్పిపోయినట్టే అందరూ రాస్తున్నారు. నేను పుట్టు చెవిటిని, సైగల భాషలోనే పెరిగాను, ఇంప్లాంట్ వద్దనుకున్నాను, సుఖంగా ఉన్నాను. పిల్లలకి పెట్టించండి, పెట్టించకపోండి, సైగలు మాత్రం మానిపించకండి. బ్యాటరీ అయిపోయిన క్షణం వాళ్లకి ఏదో ఒక భాష ఉండాలి.

పాపనాన్న
మేం సైగలు కూడా నేర్పాం. స్నానం చేయించేటప్పుడు అదే దిక్కు.

డీఎస్‌పీ_గురు
అసలు విషయానికి వస్తే, మాటలు నిజంగా అర్థమయ్యేలా చేసింది ఎలక్ట్రోడ్ కాదు, కోడింగ్, అంటే ధ్వనిని కరెంటు పల్స్‌లుగా మార్చే తీరు. సీఐఎస్ అని ఒక పద్ధతి. క్లార్క్ గారి మెల్‌బోర్న్ బృందం కనిపెట్టింది. దాని ముందు వచ్చినవన్నీ బొమ్మలు.

సోల్డర్_సుబ్బు
పాతికేళ్ల అనుభవం కదా సార్, ఊరు మారిపోయింది. సీఐఎస్ బ్లేక్ విల్సన్‌ది, అమెరికా నార్త్ కరోలినాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ ఇన్‌స్టిట్యూట్‌లో. 1991లో నేచర్ పత్రికలో వచ్చింది. మెల్‌బోర్న్ వాళ్ల తొలి పద్ధతి వేరు. మాటలోంచి మూలస్వరం, రెండో ఫార్మంట్ (నోటి ఆకారాన్ని బట్టి బలపడే ధ్వని) లాంటి ముఖ్యమైనవి ఏరి పంపేవారు.

డీఎస్‌పీ_గురు
సరే, ఊరు పొరపాటు. సూత్రం తప్పు కాదు.

సోల్డర్_సుబ్బు
సూత్రం చెప్పలేదుగా మీరు! నేనే చెబుతా. అన్ని ఎలక్ట్రోడ్లకీ ఒకేసారి కరెంటు వదిలితే ఆ ఉప్పుద్రవంలో ఒకదాని క్షేత్రం మరోదానితో కలిసి కలగాపులగం. విల్సన్ వాళ్లు పల్స్‌లని వరసలో నిలబెట్టారు. ఏ క్షణంలోనైనా ఒక్క ఎలక్ట్రోడే పలుకుతుంది, కానీ వంతులు ఎంత వేగంగా తిరుగుతాయంటే వినేవాడికి అంతా కలిసి వచ్చినట్టే ఉంటుంది. ఒక్కో పల్స్‌కీ పాజిటివ్, నెగటివ్ సమానంగా ఉండాలి. లేదంటే ప్లాటినం అరుగుతుంది, కణజాలం కాలుతుంది. ఈ ప్రయోగాలకి ఇనరెయిడ్ అనే పాత ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ఎంతో పనికొచ్చారు. వాళ్లకి చర్మం కింద రేడియో చుట్ట లేదు, చెవి వెనక పుర్రెకి బిగించిన ప్లగ్గు బయటికే ఉండేది. ల్యాబులో వైరు తగిలించి నేరుగా ఏ సిగ్నల్ కావాలంటే అది పంపొచ్చు.

పాతకాపు_1ఛానెల్
తలకి ప్లగ్గు! ఈ రోజుల్లో పిల్లలు మాగ్నెట్ కనిపిస్తుందనే సిగ్గుపడుతున్నారు.
2013లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు క్లార్క్‌కి, ఇంగెబోర్గ్ హోఖ్‌మైర్‌కి, విల్సన్‌కి ఇచ్చారు. హౌస్ అంతకు ముందు ఏడాదే పోయాడు. ఇంతకంటే ఏం రాయను.

నత్తగుల్ల
రెండోచెవి గారి పాటల ప్రశ్న ఎవరికీ పట్టలేదు. నాకు పెట్టి ఆరేళ్లు. గొంతులు వేరు కావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, ముందు ఆడా మగా, తర్వాత మనుషులు. సాధన ఇలా చేశాను: మా అబ్బాయి నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని ఒక్కో మాట చదివేవాడు. 'పడు', 'పాడు' తేడా మొదటి వారమే తెలిసింది, ఎందుకంటే అది నిడివి. 'కాకి', 'తాత', 'పాప' మాత్రం మూడూ ఒక్కలాగే. ఒకరోజు తాతని కాకి అని రాశాను, మా మామగారు పక్కనే ఉన్నారు. నోట్లో ఎక్కడ పలికామో చెప్పే ఆనవాళ్లు పైస్థాయి ధ్వనుల్లో సన్నగా ఉంటాయట, అవే ఈ కొద్ది ఛానెళ్లలో చెదిరిపోతాయి. పాటల్లో డ్రమ్ము దెబ్బ మొదటి నెలలోనే బాగుంది. రాగం వేరే సంగతి. తెలిసిన పాట, మాటలతో ఉన్నది అయితే జ్ఞాపకం సగం పాడేస్తుంది. కొత్త పాట వాయిద్యంతో వస్తే ఇప్పటికీ నాకు ఎవరో మెట్లు దిగుతున్నట్టే ఉంటుంది.
కానీ మొన్న కార్లో కూర్చుంటే టిక్ టిక్ మని ఏదో. ఇంజిన్ పాడైందేమోనని భయపడి ఆపించాను. ఇండికేటరు. అది చప్పుడు చేస్తుందని నాకు తెలీదు.

గడ్డిపరక
నాకు జిప్పు. బ్యాగు జిప్పుకి ఇంత మాటకారితనం ఉందని అప్పటిదాకా తెలీదు.

డీఎస్‌పీ_గురు
నత్తగుల్ల గారూ, పొద్దున్న సామెత విషయంలో... చేతికొచ్చింది రాసేశాను. తీసేద్దామంటే ఎడిట్ బటన్ లేదు.

నత్తగుల్ల
ఉండనివ్వండి. లేకపోతే గడ్డిపరక గారి కథ ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

రెండోచెవి
అందరికీ థాంక్సండి. 12, 22 గోల వదిలేశాను. బావమరిదికి ఇదంతా చదివి వినిపిస్తే, నాసా కాదు, అసలు మొదలు వోల్టా అని కొత్త పాట ఎత్తుకున్నాడు. 1800 ప్రాంతంలో రెండు చెవుల్లోనూ లోహపు కడ్డీలు పెట్టుకుని యాభై వోల్టులు పెట్టుకున్నాడట.

సోల్డర్_సుబ్బు
ఈసారి కరెక్టే చెప్పాడు. తలలో ఏదో గుబగుబ ఉడుకుతున్న చప్పుడు వచ్చిందని వోల్టానే రాసుకున్నాడు. మళ్లీ చేయలేదు, తెలివైనవాడు.

రెండోచెవి
దురద సంగతి ఎవరూ చెప్పలేదు.

పాతకాపు_1ఛానెల్
మాగ్నెట్ బలం ఎక్కువై ఉంటుంది. ఆడియాలజిస్ట్‌ని (వినికిడి నిపుణుణ్ణి) అడిగి ఒక నంబరు తగ్గించుకోండి. ఎరుపు ఉన్నంతకాలం మాత్రం ఆలస్యం చేయకుండా చూపించండి, చర్మం పుండైతే తర్వాత కాయిలే పెట్టుకోనివ్వరు.