దోర్దోన్య, వెజేర్ లోయల్లో వారం రోజుల సైకిల్ యాత్ర: దారి, గేర్లు, రైలు

కాలిబాట అడిగారు:

సెప్టెంబర్ రెండో సగంలో ఇద్దరం హైదరాబాద్ నుంచి ఫ్రాన్స్ వెళ్తున్నాం. నైరుతిలోని పెరిగోర్ ప్రాంతంలో ఏడు రోజులు సొంత సైకిళ్ల మీద తిరగాలని అనుకుంటున్నాం. దోర్దోన్య, వెజేర్ నదుల వెంట పాత ఊళ్లు, ఒకటి రెండు రోజులు అడవి దారి. రోజుకు 35–45 కి.మీ. చాలు. సైకిళ్లకు ముందు 50, 34 పళ్ళ చక్రాలు (50/34), వెనక 11 నుంచి 28 పళ్ళ దాకా ఉన్న గేరు చక్రాల గుత్తి, అంటే 11–28 క్యాసెట్, 32 మి.మీ. టైర్లు. ఒక్కొక్కరికి దాదాపు 15 కిలోల సామాను. ఇద్దరిలో ఒకరు పూర్తి శాకాహారి.

దారి ఎటు నుంచి ఎటు వేసుకోవాలి? ఈ గేర్లు సరిపోతాయా? పారిస్ నుంచి సైకిళ్లు రైల్లో తీసుకెళ్లడం ఎలా? తిండి సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఏటిఒడ్డు జవాబు:

సుయ్యాక్‌లో మొదలుపెట్టి బెల్వెస్‌లో ముగించండి. రెండు చోట్లా రైలు స్టేషన్లు ఉన్నాయి, వచ్చిన దారినే వెనక్కి తొక్కే పని ఉండదు.

మొదటి రోజు తేలిక. సుయ్యాక్ నుంచి కజులెస్ దాకా రోడ్డు, అక్కడి నుంచి సార్లా వరకు పాత రైలు పట్టాలు తీసేసి వేసిన సైకిల్ బాట. రైలు కోసం చదును చేసిన నేల కాబట్టి ఎక్కుడు పెద్దగా తెలియదు. సార్లాలో రెండు రాత్రులు ఉండండి. అక్కడ పెద్ద సంత బుధ, శనివారాల్లో. వీలైతే ఆ రెండింటిలో ఒకటి కలిసేలా తేదీలు చూసుకోండి.

రెండో రోజు సామాను గదిలో వదిలేసి చుట్టు తిరిగి రండి: సెనాక్, దొమ్, కాస్తెల్నో, బెనాక్, లా రోక్ గజాక్, మళ్లీ సార్లా. దొమ్ 1281లో ఫ్రాన్స్ రాజు మూడో ఫిలిప్ కట్టించిన కోట ఊరు, నదికి 150 మీటర్ల పైన కొండ అంచున ఉంటుంది. వారం మొత్తంలో కాళ్లకు అసలు పరీక్ష ఈ ఎక్కుడే. ఖాళీ సైకిల్ మీద పొద్దున్నే ఎక్కేయడం తెలివైన పని. సెనాక్ నుంచి కాస్తెల్నోకు దక్షిణపు ఒడ్డున డి50 రోడ్డు పట్టుకోండి. ఉత్తరపు ఒడ్డున డి703 ఇరుకు, కార్ల రద్దీ ఎక్కువ. లా రోక్ గజాక్ దగ్గర మాత్రం అది తప్పదు. ఆ ఊరు కొండచరియకు అతుక్కుని ఉంటుంది. 1957లో చరియ విరిగి ఇళ్ల మీద పడింది. రాతికీ నీళ్లకీ మధ్య రోడ్డుకు మిగిలిన చోటు ఎంత తక్కువో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

మూడో రోజు సార్లా నుంచి మోంతిన్యాక్. నేరుగా వెళ్లే డి704 వద్దు, లారీలు తిరుగుతాయి. చుట్టయినా సాంతమాన్ ద కోలీ మీదుగా వెళ్లండి, కోటలా కట్టిన చర్చి అక్కడ ఉంది. నాలుగో రోజు పొద్దున లాస్కో, ఆదిమానవుల బొమ్మలున్న గుహ. 1940లో బయటపడిన అసలు గుహను 1963లో మూసేశారు. ఇప్పుడు చూసేది 2016 చివర్లో తెరిచిన నకలు. దానికీ గంట ప్రకారం టికెట్లే, ముందే కొనుక్కోవాలి. అది ముగించుకుని వెజేర్ వెంట సాం లియోన్ మీదుగా లేజెజీకి దాదాపు 25 కి.మీ. నకలు కాని రంగుల బొమ్మలు కావాలంటే లేజెజీ పక్కనే ఫోన్ ద గోమ్ గుహ ఉంది, లోపలికి కొద్దిమందినే పంపుతారు. నన్నడిగితే లాస్కో వదులుకున్నా దీన్ని వదులుకోవద్దు.

ఐదో రోజు లె బ్యూగ్, తర్వాత వెజేర్ వచ్చి దోర్దోన్యలో కలిసే లిమోయ్, రాత్రికి ట్రెమొలా. ఆరో రోజు మీరడిగిన అడవి. లె బ్యూసోన్ నుంచి కదువాం మఠానికి ఎక్కి, బెస్సేద్ అడవి గుండా మోంపాజియే చేరతారు. ఓక్, పైన్, చెస్ట్‌నట్ చెట్ల నీడ, నిదానంగా ఎత్తు పల్లాలు, ఊళ్లు తక్కువ. సీసాలు కదువాంలోనే నింపుకోండి. మోంపాజియే 1284లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ వేయించిన ఊరు, వీధులన్నీ గళ్ల నుడికట్టులా ఉంటాయి. ఏడో రోజు బెల్వెస్‌కు పూట ప్రయాణం.

పళ్ళచక్రం జవాబు:

గేర్ల మాట. లెక్క వేసి చూద్దాం. మనిషి 70, సైకిల్ 13, సామాను 15, నీళ్లు 2, మొత్తం 100 కిలోలు. 8 శాతం ఎక్కుడు. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు. నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పుతున్నారనుకోండి.

మీ 34–28తో, అంటే ముందు 34, వెనక 28 పళ్ళతో, పెడలు ఒక చుట్టుకు 2.55 మీటర్లు, గంటకు 9.2 కి.మీ. దానికి దాదాపు 220 వాట్లు కావాలి. వెనక 34 పళ్ళది వేస్తే చుట్టుకు 2.1 మీటర్లు, గంటకు 7.6 కి.మీ., 180 వాట్లు. ముందు 24 పళ్ళది కూడా ఉంటే 130 వాట్లలోపే అయిపోతుంది. 220 వాట్లు పావుగంట పాటు ఇవ్వడం రోజూ తొక్కేవాళ్లకూ కష్టమే. ఇవ్వలేనప్పుడు చుట్లు 60 నుంచి 40కి పడిపోతాయి, భారమంతా మోకాళ్ల మీదకు వస్తుంది. మూడో రోజుకు నొప్పి మొదలయ్యేది ఇలాగే.

కాబట్టి బయలుదేరే ముందే 11–34 క్యాసెట్ వేయించండి. ముందుగా వెనక డెరైలర్, అంటే చైన్‌ను ఒక చక్రం నుంచి ఇంకోదానికి మార్చే పరికరం, ఎన్ని పళ్ళ దాకా తీసుకుంటుందో దాని మోడల్ నంబరు పట్టి చూడండి. కింద చైన్‌ను లాగి పట్టే పంజరం పొట్టిదైతే 34 ఎక్కదు, పొడుగు పంజరం ఉన్న డెరైలర్ కొనాలి. 50/34కు 11–34 జోడిస్తే ముందు 16, వెనక 23, మొత్తం 39 పళ్ళ తేడాకు వదులయ్యే చైన్‌ను డెరైలర్ లాగి పట్టుకోగలగాలి. చైన్ కూడా కొత్తదే వేయాలి. డెరైలర్ గుండా పోనివ్వకుండా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం మీదుగా చుట్టి, కలిసేచోట రెండు లింకులు అదనంగా ఉంచి కత్తిరించాలి. పాత పొడవే ఉంచి పొరపాటున పెద్దదీ పెద్దదీ వేశారో, డెరైలర్ లాక్కుపోయి ఊడి వస్తుంది.

ఫ్రేములో చోటుంటే టైర్లు 38 మి.మీ.కి మార్చండి. 100 కిలోల బరువుకు గాలి ఒత్తిడి వెనక 3.5 బార్, ముందు 3 బార్ చాలు. కంకర మీద గట్టిగా గాలి కొడితే చక్రం ఎగిరి పట్టు తప్పుతుంది.

కాలిబాట:

క్యాసెట్ మారుస్తాం. 38 టైరు ఫ్రేములో పట్టేలా లేదు, 35 వేస్తే ఫరవాలేదా?

పళ్ళచక్రం:

35 చాలు. టైరుకూ ఫ్రేముకూ మధ్య రెండు పక్కలా కనీసం 4 మి.మీ. ఖాళీ ఉండాలి, తడి మట్టి అక్కడే పేరుకుంటుంది. 35కైతే గాలి పైన చెప్పినదానికి 0.3 బార్ ఎక్కువ పెట్టండి.

రైలుకట్ట జవాబు:

పారిస్‌లో ఆస్తర్లిత్స్ స్టేషన్ నుంచి తులూజ్ వైపు వెళ్లే ఇంటర్‌సిటీ రైలు సుయ్యాక్‌లో ఆగుతుంది. సైకిల్‌ను విప్పకుండానే ఎక్కించవచ్చు, కానీ సైకిల్‌కు విడిగా రిజర్వేషన్ తప్పనిసరి, 10 యూరోలు. ఒక్కో రైల్లో చోట్లు కొన్నే ఉంటాయి కాబట్టి మీ టికెట్‌తో పాటే తీసుకోండి. తర్వాత చూద్దాంలే అంటే మనిషికి సీటు ఉండి సైకిల్‌కు లేకుండా పోతుంది. తిరుగు ప్రయాణం బెల్వెస్ నుంచి ప్రాంతీయ రైల్లో పెరిగ్యో, అక్కడ మారి లిమోజ్, లిమోజ్ నుంచి పారిస్.

ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీదే సంచులు తీసేయండి, రైలు వచ్చాక టైము ఉండదు. చాలా పెట్టెల్లో సైకిల్‌ను చక్రం పట్టుకుని కొక్కేనికి వేలాడదీయాలి. కుడివైపు వేరే సైకిల్ ఆనుకుంటే డెరైలర్ తగిలించే చిన్న అల్యూమినియం ముక్క, అంటే హ్యాంగర్, వంగిపోతుంది. దిగాక ఎక్కుడుకు వాడే చిన్న గేరు (వెనక పెద్ద చక్రం) వేసినప్పుడు వెనక పంజరం చువ్వలకు తగిలేది అందుకే. ఫ్రేముకో రకం హ్యాంగర్ ఉంటుంది, పల్లెటూరి షాపులో మీది దొరకదు. తలా ఒకటి ఇక్కడే కొనుక్కెళ్లండి.

క్యారియర్ బోల్టులు ఎం5 సైజువి అదురుకు వదులవుతాయి, రోజూ పొద్దున ఒకసారి బిగించండి, నాలుగు అదనంగా ఉంచుకోండి. విమానంలో వచ్చిన అట్టపెట్టెలు పారిస్‌లో మొదటి రాత్రి దిగిన చోటే దాచమని ముందే అడిగి, చివరి రాత్రి కూడా అక్కడే దిగండి.

వంటిల్లు జవాబు:

శాకాహారికి ఈ ప్రాంతంలో దాగి ఉండే చిక్కు బాతు కొవ్వు. సార్లా పేరు మీద చేసే బంగాళాదుంపల వేపుడు చూడ్డానికి మన వేపుడులాగే ఉంటుంది, చేసేది మాత్రం బాతు కొవ్వుతోనో పెద్దబాతు కొవ్వుతోనో. తూరాం అనే వెల్లుల్లి సూప్‌లోనూ అదే. సలాడ్లలో పంది మాంసం ముక్కలు చెప్పకుండానే వేస్తారు. "సాన్ వియాండ్, సాన్ పువాసోన్, సాన్ గ్రెస్ ద కనార్" అని మూడూ కలిపి చెప్పాలి: మాంసం వద్దు, చేప వద్దు, బాతు కొవ్వు వద్దు. వాల్‌నట్లు, రొట్టె, రొకమదూర్ మేకపాల జున్ను, టమాటాలు సంతలో కొనుక్కుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. జున్ను కోసం పాలను గడ్డకట్టించే రెన్నెట్ దూడ కడుపులోది కావచ్చు, అది పట్టింపు ఉంటే అడిగి కొనండి.

దుకాణాలు పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా ఊళ్లలో అన్నీ బంద్. ఆదివారం పొద్దున్నే సోమవారానికి కూడా కొనేయాలి. నీళ్లకు శ్మశానాల దగ్గర కుళాయిలు ఉంటాయి. "నోన్ పొతాబ్ల్" అని రాసి ఉంటే తాగకూడదు.

ఏటిఒడ్డు:

అడవి రోజు గురించి ఇంకో మాట. సెప్టెంబర్‌లో వేట కాలం మొదలై ఫిబ్రవరి చివరి దాకా సాగుతుంది, ఆదివారాలు మరీ ఎక్కువ. దారి పక్కన "షాస్ ఆన్ కూర్" అన్న బోర్డు కనిపిస్తే వేట నడుస్తోందని అర్థం, ఆ మట్టిదారి వదిలేసి తారురోడ్డు మీదే వెళ్లండి. నారింజ రంగు చొక్కా తలా ఒకటి ఉంచుకోండి. ఊరి బయట రాత్రిపూట, పొగమంచులో మెరిసే చొక్కా అక్కడ చట్టప్రకారం కూడా తప్పనిసరి, సెప్టెంబర్ ఉదయాల్లో నది మీద మంచు బాగానే కమ్ముతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోల జరిమానా.

మన అలవాటుకు అన్నింటికంటే ప్రమాదం కుడిచేతి నియమం. వాహనాలు కుడివైపు నడవడం ఒక రోజుకు అలవాటవుతుంది. కానీ బోర్డు ఏదీ లేని ఊరి కూడళ్లలో కుడివైపు సందులోంచి వచ్చే బండిదే మొదటి హక్కు, మీరు పెద్ద రోడ్డు మీద ఉన్నా సరే. అక్కడివాళ్లు ఆ ధైర్యంతో ఆగకుండానే వచ్చేస్తారు. దొమ్ నుంచి దిగేటప్పుడు, ఊళ్లలోకి ప్రవేశించేటప్పుడు వేళ్లు బ్రేకుల మీదే ఉంచండి.

మిష్లాన్ కాగితపు మ్యాప్ కొంటే రోడ్ల మీద బాణపు గుర్తులు చూడండి, ఎక్కే వైపుకు చూపిస్తాయి. ఒకటుంటే 5–9 శాతం, రెండుంటే 9–13, మూడుంటే అంతకు పైన. 34 పళ్ళతో, సామానుతో రెండు బాణాలున్న రోడ్డును దిగడానికి మాత్రమే వాడుకునేలా దారి గీసుకోండి.